గెలిచినదెవరు? ఓడినదెవరు?
1939 అధ్యక్ష ఎన్నిక మన సంఘములకు చెప్పు పాఠము

(కోల్‌కతాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో మన సమాఖ్య పక్షమున చేసిన ప్రసంగము)



మన శాఖల ఎన్నికలు దగ్గరపడుచున్నవి. ఇట్టి సమయమున మీ ముందు నిలబడు వక్త కోర్కెల పట్టికను చదివి, ఐక్యత వర్ధిల్లవలెనని చెప్పి కూర్చుండుట ఆనవాయితీ. కోర్కెలను గూర్చి మేము మీకు చెప్పవలసినది లేదు. ఆ కష్టములను అనుభవించుచున్నవారు మీరే. ఐక్యతను గూర్చి మాత్రము ఒక మాట చెప్పదలచితిమి. ఎన్నికకు ముందు ఎట్లు నడచుకొనవలెనో నియమావళి మనకు చెప్పును. నామినేషను ఎప్పుడు వేయవలెను, ఉపసంహరణకు గడువెంత, ఓట్లు ఎవరు లెక్కింపవలెను, అన్నియు అందు కలవు. ఓట్లు లెక్కించిన మరునాటి ఉదయము గెలిచినవారు ఏమి చేయవలెను, ఓడినవారు ఏమి చేయవలెను అనునది మాత్రము ఏ నియమావళియందును కానరాదు. సంఘములు చెడునది ఆ మరునాడే.

మేమెరిగిన ఒక శాఖలో జరిగినది చెప్పెదము. పేరు అనవసరము. కార్యదర్శి పదవికి పోటీ జరిగెను. పదునొకండు ఓట్ల తేడాతో క్రొత్తవారు గెలిచిరి. ఓడినవారు ఫలితమును కాదనలేదు, ఔననలేదు. బీరువా తాళపుచెవి ఇయ్యలేదు, అంతే. నేడు, రేపు అనుచు ఏడు వారములు గడచెను. గెలిచినవారును అడుగుటకు పోలేదు. మేమేల పోవలెను, వారే తెచ్చి ఇయ్యవలెనని భీష్మించిరి. ఆ బీరువాలో, విధి నిర్వహణలో మరణించిన ఒక గ్యాంగ్‌మన్ భార్య ఉద్యోగము కొరకు పెట్టుకొన్న దరఖాస్తు కాగితములున్నవి. ఆమె ప్రతి సోమవారము బిడ్డ నెత్తుకొని వచ్చి, కార్యాలయము మెట్లపై కొంతసేపు కూర్చుండి, తిరిగి పోవుచుండెను. ఆమె ఏ పక్షమునకును ఓటు వేయలేదు. ఆ ఎన్నికలో నిజముగా ఓడినది మాత్రము ఆమెయే. మేమును ఆ శాఖ సభ్యులమే. మేమును ఏడు వారములు చూచుచు ఊరకుంటిమి. ఈ ప్రసంగమునకు మూలము ఆ సిగ్గే.

ఇట్టి కథ చిన్న శాఖలలోనే జరుగునని అనుకొనవలదు. దేశమంతటిలోను పెద్ద సంస్థయందు, దేశమంతటిలోను పెద్దవారి నడుమ, ఇదే కలకత్తా నగరములో ఇట్టిదే జరిగెను. శియాల్‌దా నుండియు, జి.పి.ఓ. నుండియు వచ్చిన మీలో పలువురకు రాజా సుబోధ్ మల్లిక్ స్క్వేరు తెలియును. దాని పాత పేరు వెల్లింగ్టన్ స్క్వేరు. 1939 ఏప్రిల్ 29వ తేదీన, ఓట్లతో గెలిచిన ఒక అధ్యక్షుడు మూడు మాసములు తిరిగీ తిరుగక ముందే అచ్చట రాజీనామా సమర్పించెను. ఆయన సుభాష్ చంద్ర బోసు. ఆయన చేతిలో ఓడినవారు మన తెలుగువారు, మచిలీపట్నము డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. ఆ ఎన్నికలో గెలిచినదెవరు, ఓడినదెవరు అను ప్రశ్నను నేడు మీతో కలసి విచారింపదలచితిమి.

మొదట ఆ ఇరువురిని గూర్చి రెండు మాటలు. సుభాష్ బాబు 1938లో గుజరాతునందలి హరిపురా కాంగ్రెసుకు అధ్యక్షులైరి. ఆ యేడే దేశమునకు ఆర్థిక ప్రణాళిక కావలెనని జాతీయ ప్రణాళికా సంఘమును ఏర్పరచి, దానికి జవహర్లాల్ నెహ్రూను అధ్యక్షునిగా చేసిరి. కార్మికోద్యమమునకు ఆయన పరాయివారు కారు. జంషెడ్‌పూరు ఉక్కు కార్మికుల నడుమ పనిచేసినవారు. 1931లో ఈ కలకత్తాలోనే జరిగిన ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించినవారు.

పట్టాభిగారు 1880లో గుండుగొలనులో జన్మించిరి. మద్రాసులో వైద్యము చదివి బందరులో వైద్యవృత్తి చేసి, దానిని విడిచి దేశసేవలో ప్రవేశించిరి. ఆంధ్ర రాష్ట్రము కావలెనని కాంగ్రెసు వేదికపై తొలినాటి నుండి వాదించినవారిలో ఒకరు. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. మన తల్లిదండ్రులలో ఎందరో చిల్లర డబ్బు దాచుకొన్న ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1 నుండి యూనియన్ బ్యాంకులో విలీనమైనది. 1935లో కాంగ్రెసు చరిత్రను వ్రాసినవారును ఆయనే. ఇంతటి మనిషిని బోసు చేతిలో ఓడినవారుగా మాత్రమే దేశము గుర్తుంచుకొన్నది. ఇది మొదటి అన్యాయము. ఓటమి మనిషి జీవితములో ఒక దినము. మనము దానిని ఆయన పేరుగా మార్చుచున్నాము.

ఇక పోటీ ఎట్లు వచ్చినది? అంతవరకు కాంగ్రెసు అధ్యక్షుని పేరు సాధారణముగా పెద్దల సమ్మతితో ఏకగ్రీవముగా తేలెడిది. రాష్ట్రములందలి ప్రతినిధులు ఓటు వేయవలెనని నియమమున్నను, అది లాంఛనముగానే నడచెడిది. 1939లో మధ్యపరగణాల త్రిపురిలో జరుగవలసిన మహాసభకు మరల తానే అధ్యక్షుడు కావలెనని సుభాష్ బాబు నిశ్చయించుకొనిరి. పెద్దలు మౌలానా ఆజాదు పేరు తలచిరి. ఆజాదు తప్పుకొని పట్టాభిగారిని సూచించిరి. పట్టాభిగారు పోటీకై తహతహలాడినవారు కారు, నిలువుమన్నందున నిలిచిరి.

సుభాష్ బాబు వాదమేమి? అధ్యక్ష పదవి అలంకారము కాదు. పోటీ వ్యక్తుల నడుమ కాక కార్యక్రమముల నడుమ జరుగవలెను. ఇది మంచి వాదమే. 1935 చట్టమున బ్రిటిషువారు పెట్టిన ఫెడరేషను పథకమును ఎదిరించుటలో రాజీ పనికిరాదని ఆయన పట్టు. అయితే ఆయన అంతటితో ఆగలేదు. కాంగ్రెసులోని మితవాద నాయకులు ఆ పథకముపై ప్రభుత్వముతో రాజీపడ నున్నారను అనుమానమును బహిరంగముగా వెలిబుచ్చిరి. వల్లభభాయ్ పటేలు, రాజేంద్ర ప్రసాదు మున్నగు కార్యవర్గ సభ్యులు ఆ అపవాదును ఖండించి, పట్టాభిగారిని బలపరచుచు ప్రకటన చేసిరి. తన కార్యవర్గమువారే తనకు వ్యతిరేకముగా ఒక పక్షమై ప్రకటన చేయుట న్యాయమా యని సుభాష్ బాబు అడిగిరి. ఇరువైపుల మాటలు పత్రికలకెక్కెను. పత్రికకెక్కిన మాటను వెనుకకు తీసికొనుట కష్టము.

1939 జనవరి 29న ఆయా రాష్ట్రములలో ఓటింగు జరిగెను. సుభాష్ బాబునకు 1,580 ఓట్లు, పట్టాభిగారికి 1,377 ఓట్లు వచ్చెను. తేడా 203. వంగరాష్ట్రము తన బిడ్డను బలపరచెను. ఆంధ్ర తన బిడ్డను బలపరచెను. ఇందు వింత లేదు. కాని పంజాబు, సంయుక్త పరగణాలు, కర్ణాటక, కేరళ ప్రతినిధులలో అధిక సంఖ్యాకులు బోసు వైపు నిలిచిరి. అనగా ఇది కేవలము ప్రాంతాభిమానము కాదు. దేశమున ఒక ఆతురత, ఒక క్రొత్త వేగము కావలెనను కోర్కె ఆ ఓట్లలో కలదు.

ఫలితము వచ్చిన రెండు దినములకు, జనవరి 31న, బార్డోలీ నుండి గాంధీజీ ప్రకటన వెలువడెను. సుభాష్ మరల ఎన్నికగుట తమకు మొదటి నుండియు ఇష్టము లేదనియు, పోటీ నుండి విరమింపకుండ పట్టాభిని తామే ప్రోత్సహించినందున ఈ ఓటమి పట్టాభిదాని కంటె తమదే అనియు అందు చెప్పిరి. సుభాష్ దేశమునకు శత్రువు కాడనియు, ఆయన విజయమునకు సంతోషించుచున్నాననియు చెప్పుచునే, అల్పసంఖ్యాకులు కలసి నడువలేనిచో వైదొలగవచ్చుననిరి. కాంగ్రెసు పట్టికలలో బోగస్ సభ్యులు చేరుచున్నారని కూడ హెచ్చరించిరి.

సహోద్యోగులారా, ఇచ్చట ఒక్క క్షణము ఆగుదము. జనవరి 29న బ్యాలెట్టు కాగితముపై ఉన్నవి రెండు పేర్లు. జనవరి 31న మూడవ పేరు కనబడెను. పోటీ బోసునకును పట్టాభికిని నడుమ కాదు, బోసునకును గాంధీజీకిని నడుమ అని ఓటు వేసిన తరువాత ప్రతినిధులకు తెలిసెను. ముందే తెలిసినచో వారెట్లు ఓటు వేసెడివారో నేడు ఎవరును చెప్పలేరు. కాని ఓటరు ఏ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నాడో ఆ ప్రశ్నను ఓటునకు ముందే అతని ముందుంచుట న్యాయము. తెర వెనుక నొకరు, తెర ముందు మరొకరు నిలుచు ఎన్నికలలో తెర ముందున్నవాడు బలియగును. పట్టాభిగారికి జరిగినది అదే.

తరువాత కథ ఒక తంతితో మలుపు తిరిగెను. తంతి శాఖ 2013 జూలైలో మూతపడినది గాని, నాడు దేశరాజకీయములు తంతి తీగెలపై నడచెడివి. ఫిబ్రవరిలో వార్ధాలో కార్యవర్గ సమావేశము జరుగవలసియుండగా సుభాష్ బాబు జ్వరపీడితులైరి. సమావేశమును మహాసభ వరకు వాయిదా వేయుడని తంతి నిచ్చిరి. తాను లేక సాధారణ కార్యములు కూడ జరుగరాదని అధ్యక్షుని అభిప్రాయమని, మనపై ఆయనకు నమ్మకము లేదని అచ్చటివారు అర్థము చేసికొనిరి. ఫిబ్రవరి 22న 12 మంది రాజీనామా చేసిరి. నెహ్రూ వేరుగా ప్రకటన చేసిరి. తంతిలో మాట ఒకటికి ఇంత వెల కనుక మనుష్యులు మాటలు తగ్గించెదరు. తగ్గిన మాటల చోట అనుమానము కూర్చుండును. అంతకు ముందే మనస్సులు విరిగినపుడు ఏ తంతియైనను చెడ్డవార్తగానే చదువబడును.

మార్చిలో జబల్‌పూరు సమీపమున త్రిపురి మహాసభ జరిగెను. అధ్యక్షుని తీవ్రజ్వరముతో మోసికొని తెచ్చిరి. ఆయన ఉపన్యాసమును అన్న శరత్ చంద్ర బోసు చదివిరి. బ్రిటిషు ప్రభుత్వమునకు ఆరు మాసముల గడువిచ్చి, స్వాతంత్ర్యము ఇయ్యనిచో దేశవ్యాప్త పోరాటము ప్రారంభింపవలెనని అందు ప్రతిపాదించిరి. గాంధీజీ రాజకోట వ్యవహారములో నుండి సభకు రాలేదు. గోవింద వల్లభ పంతు ఒక తీర్మానము తెచ్చిరి: గాంధీజీ నాయకత్వమునందు కాంగ్రెసునకు విశ్వాసము కలదు, అధ్యక్షుడు గాంధీజీ అభీష్టము ననుసరించి కార్యవర్గమును నియమింపవలెను. కాంగ్రెసు సోషలిస్టులు తటస్థముగా నుండిరి. తీర్మానము నెగ్గెను.

మనకు ముఖ్యమైన విషయము ఇదియే. జనవరిలో బోసునకు కుర్చీ నిచ్చినదియు, మార్చిలో ఆ కుర్చీ చేతులు కట్టివేసినదియు ఆ ప్రతినిధులే. వారిని చపలచిత్తులని కొందరనిరి; భయపడిరని కొందరనిరి. మేమట్లు తలంచుట లేదు. వారు రెండు పర్యాయములును ఒకే మాట చెప్పిరి. మాకు సుభాష్ అధ్యక్షుడుగా కావలెను. గాంధీజీ నాయకుడుగా కావలెను. ఇద్దరును కలసి పనిచేయవలెను. సభ్యుడు ఓటు వేయునది సంఘమును నడుపుటకు, చీల్చుటకు కాదు. ఓటరు ఇద్దరిని కోరెను. నాయకులు మాత్రము ఇద్దరిలో ఒకరిని ఎన్నుకొనుమని ఆ ఓటరును నిర్బంధించిరి.

పంతు తీర్మానమునందలి దోషమును కూడ దాచరాదు. అధ్యక్షునిపై విశ్వాసము లేనిచో అవిశ్వాస తీర్మానమును తిన్నగా తేవలెను. పదవి ఆయన యొద్దనే ఉంచి, అధికారమును మరియొకరి చేతికిచ్చుట బాధ్యతను రెండుగా చీల్చుటయే. బండి నడుపువాడు ఒకడు, బ్రేకు పట్టినవాడు వేరొకడు, ఇరువురికిని మాటలు లేవు. అట్టి బండి ఎంత దూరము పోవును?

త్రిపురి నుండి సుభాష్ బాబు విశ్రాంతికై ధన్‌బాదు సమీపమునందలి జీల్‌గోరాకు పోయిరి. అచ్చట నుండి మార్చి, ఏప్రిల్ మాసములలో గాంధీజీకి వరుసగా ఉత్తరములు, తంతులు; అటు నుండి జవాబులు. నాడు మెయిలు బండ్లలో రాత్రులు నిలబడి ఉత్తరములు వేరుచేసిన సార్టర్ల చేతుల మీదుగానే అవి పోయియుండును. ఉత్తరములు వేళకు చేరెను; మనస్సులు చేరలేదు. ఉభయ పక్షములు కలసిన కార్యవర్గము కావలెనని సుభాష్ బాబు వ్రాసిరి. మూలసూత్రములలోనే భేదమున్నపుడు కలగలుపు కార్యవర్గము హానికరము, నీకు నచ్చినవారిని నీవే నియమించుకొని నీ కార్యక్రమమును సభ ముందు పెట్టుమని గాంధీజీ వ్రాసిరి. రెండు వాదములును న్యాయముగానే కనబడును. అధిక సంఖ్యాకులు తమ కార్యక్రమమును స్వేచ్ఛగా నడుపవలె ననునది ఒకటి. ఓడినవారిని వెలివేసి సంస్థను నడుపలేమనునది మరొకటి. కాని పంతు తీర్మానము ఉన్నంతకాలము గాంధీజీ పేర్లు చెప్పనిదే బోసు నియమింపలేరు. గాంధీజీ పేర్లు చెప్పరు. చిక్కుముడి పడెను.

ఏప్రిల్ చివర అఖిల భారత కాంగ్రెసు సంఘము వెల్లింగ్టన్ స్క్వేరులో సమావేశమాయెను. గాంధీజీ శియాల్‌దాకు ఉత్తరమునగల సోదేపూరులో బసచేసిరి. సుభాష్ బాబు అచ్చటికి పోయి మాటలాడిరి. ఫలితము లేకపోయెను. 29న రాజీనామా ఇచ్చిరి. దానిని ఉపసంహరించుకొని పాత కార్యవర్గమునే మరల నియమింపుడని, అందు రెండు స్థానములు త్వరలోనే ఖాళీ కాగలవని నెహ్రూ ఒక మార్గము చూపిరి. సుభాష్ బాబు ఒప్పుకొనలేదు. సరోజినీ నాయుడు అధ్యక్షతన రాజేంద్ర ప్రసాదు ఆ స్థానమునకు ఎన్నికైరి. వెలుపల కలకత్తా యువకులు కోపోద్రిక్తులై కొందరు నాయకులపై తోపులాటకు దిగిరి. ఓటుతో ప్రారంభమైన తగవు వీధికెక్కెను.

ఇప్పుడు లెక్క చూడుడు. జనవరిలో పోటీచేసిన ఇరువురిలో ఒకరు గెలిచిరి, ఒకరు ఓడిరి. మే మాసము వచ్చునప్పటికి కుర్చీలో ఆ ఇరువురును లేరు.

ఇట్టి వింత మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో అధ్యక్ష ఎన్నికకు ముందు ప్రతి పార్టీయు తన అభ్యర్థి నెన్నుకొనుటకు రాష్ట్రములవారీగా ప్రాథమిక ఎన్నికలు జరుపును. వానిలో న్యూ హాంప్‌షైరు అను చిన్న రాష్ట్రము ముందు వరుసలోనిది. 1968 మార్చిలో అచ్చట అధికారములో నున్న లిండన్ జాన్సనుకు సుమారు 49 శాతము, వియత్నాం యుద్ధమును వ్యతిరేకించిన యూజీన్ మెకార్తీకి సుమారు 42 శాతము ఓట్లు వచ్చెను. లెక్కలో గెలిచినవాడు జాన్సను. అయినను ఆ 42 శాతమును చూచి దేశము అతడే ఓడెననుకొన్నది. మార్చి 31న ఆయన తాను పోటీ నుండి తప్పుకొనుచున్నట్లు ప్రకటించెను. తుదకు పార్టీ అభ్యర్థిత్వము మెకార్తీకిని దక్కలేదు. ఆ యేటి అధ్యక్ష పదవి ఎదుటి పార్టీకి చెందిన నిక్సనుకు దక్కెను. ఇంటిలోని గెలుపోటములు తేలకమునుపే ఇల్లు పొరుగువాని పాలగుట ఎచ్చటనైనను జరుగును.

1939లో మనకు పొరుగువాడెవడు? బ్రిటిషు ప్రభుత్వము. సెప్టెంబరులో యూరపులో యుద్ధము వచ్చినది. వైస్రాయి భారతీయుల నడుగకుండనే ఈ దేశము యుద్ధములో నున్నదని ప్రకటించెను. అంతకు కొన్ని వారముల ముందే, ఆగస్టులో, క్రమశిక్షణా చర్యగా సుభాష్ బాబు మూడేండ్లు కాంగ్రెసు పదవులకు అనర్హులని కార్యవర్గము నిర్ణయించెను. ఆయన మే 3న ఫార్వర్డ్ బ్లాకును ప్రకటించియే యుండిరి. అందరును ఒక్కటిగా నిలువవలసిన గడియకు ఇల్లు రెండై యుండెను.

తరువాతి సంగతులు మీరెరిగినవే. 1941 జనవరి 16, 17 తేదీల నడిమి రాత్రి సుభాష్ బాబు ఎల్గిన్ రోడ్డు ఇంటి నుండి కారులో తప్పించుకొనిపోయి, గోమో స్టేషనులో కాల్కా మెయిలు ఎక్కిరి. ఆ స్టేషనునకు 2009లోను, ఆ బండికి 2021లోను ఆయన పేరు పెట్టిరి. తూర్పు ఆసియాలో ఆజాద్ హింద్ ఫౌజును నడిపినపుడు ఆయన దళములకు పెట్టిన పేర్లను గమనింపుడు: గాంధీ బ్రిగేడు, నెహ్రూ బ్రిగేడు, ఆజాద్ బ్రిగేడు. ఎవరివలన తన అధ్యక్ష పదవి పోయినదో వారి పేర్లనే తన సైన్యమునకు పెట్టుకొనిరి. 1944 జూలైలో రంగూను రేడియోలో మాటలాడుచు గాంధీజీని జాతిపితగా సంబోధించి ఆశీస్సులు కోరిరి.

పట్టాభిగారును ఓటమిని మనస్సున పెట్టుకొని మూల కూర్చున్నవారు కారు. 1942లో అరెస్టయి నెహ్రూ, పటేలు, ఆజాదులతో అహమదునగరు కోటలో నిర్బంధమనుభవించిరి. 1948లో పురుషోత్తమదాస్ టాండనుపై గెలిచి జయపూరు కాంగ్రెసుకు అధ్యక్షులైరి. పిమ్మట మధ్యప్రదేశమునకు గవర్నరుగా పనిచేసి 1959లో కన్నుమూసిరి. గెలిచి ఓడినవాడు ఒకరు, ఓడి తొమ్మిదేండ్లకు గెలిచినవాడు ఒకరు. ఇరువురిలో ఎవరును తమ పనిని మాత్రము విడువలేదు.

ఇక మన ఇంటి మాట. 1929లో నాగపూరులో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు చీలెను. 1931లో ఈ కలకత్తాలో, సుభాష్ బాబు అధ్యక్షతనే, మరల చీలెను. నాగపూరులో వెలుపలికి పోయినవారిలో బెంగాల్ నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపరచిన మన వి.వి. గిరిగారు ఒకరు. కాని పోయినవారు పోయినట్లే ఉండలేదు. మాటలు సాగినవి. ఎవరి జెండా పెద్దదను ప్రశ్నను ప్రక్కకు పెట్టి, కలసి ఏ పని చేయగలమను ప్రశ్న వేసిరి. గిరిగారి రాజీ ప్రతిపాదనపై 1938లో ఉభయ సంస్థలు నాగపూరులోనే చేరువైనవి. 1940లో విలీనము పూర్తియైనది. 1926లో ఆ సంస్థకు అధ్యక్షత వహించిన గిరిగారే 1942లో మరల అధ్యక్షులైరి. చీలుటకు ఒక్క మధ్యాహ్నము చాలినది. కలియుటకు పదకొండేండ్లు పట్టినది. ఆ పదకొండేండ్లలో రిట్రెంచిమెంటు వచ్చినది, జీతముల కోత వచ్చినది. పాయింట్స్‌మన్ మీదను, పోస్ట్‌మన్ మీదను పడిన ఆ దెబ్బకు అతడు ఏ పక్షమువాడో అడుగలేదు.

ఈ చరిత్ర నుండి మేము గ్రహించినవి నాలుగు సంగతులు మనవి చేసెదము.

మొదటిది: తగవు దేనిపైనో దానినే ఎన్నికకు పెట్టుడు. ప్యానెలు వెనుక ఎవరున్నారో, ఏ విధానము కొరకు ఓటడుగుచున్నారో ముందే చెప్పుడు. ఒక మంచివానిని ముందు నిలిపి ఆయన భుజముపై తుపాకి పెట్టి కాల్చవలదు.

రెండవది: ఋజువు లేని నిందను ఎన్నికల ఉపన్యాసములో ఆడవలదు. యాజమాన్యముతో లాలూచీపడినారను మాట మన సంఘములలో మిక్కిలి చౌక. దానితో ఇరువది ఓట్లు రావచ్చును. మరునాడు ఆ మనిషితోనే కలసి అధికారి గదిలోనికి మీరు పోవలసియుండును.

మూడవది: ఓడినవారు ఫలితమును శిరసావహింపుడు. తరువాత గెలిచినవారి తప్పులను సభలో నిలబడి విమర్శింపుడు; అవసరమైనచో నియమావళి ప్రకారము అవిశ్వాసము తెండు. పదవిని వారికి విడిచి తాళపుచెవిని మీ జేబులో ఉంచుకొనుట మాత్రము పోరాటము కాదు.

నాలుగవది, గెలిచినవారికి. మీకు వచ్చిన మెజారిటీ సంఘము కాదు. సంఘములో ఒక భాగము. 203 ఓట్లతో గెలిచినవాడు 1,377 మందిని లెక్కలోనికి తీసికొననిచో నిలువలేకపోయెను. సుభాష్ బాబు వారిని చేర్చుకొనుటకు ప్రయత్నించిరి. కాని అంతకు ముందే మాటలు ముదిరిపోయినవి. చేయి చాచవలసినది ఫలితము వచ్చిన సాయంకాలమే. మూడు మాసములు పోయిన పిదప కాదు.

రైల్వేలో 2007 నుండి రహస్య బ్యాలెట్టు ద్వారా సంఘములకు గుర్తింపు నిచ్చుచున్నారు. 2013లో మరల జరిగినది. 2024 డిసెంబరులో మూడవ పర్యాయము జరిగినది. తపాలా శాఖలో సభ్యత్వ పరిశీలన ద్వారా గుర్తింపు వచ్చును. రెంటను లెక్కింపు ముఖ్యమే. బోగస్ పేర్లు లేని పట్టిక, భయములేని ఓటు మన హక్కులు. కాని లెక్కింపు ఒక టోకెను వంటిది. ఒంటి లైనుపై టోకెను చేతికి వచ్చినదనగా ఆ సెక్షనులోనికి పోవుటకు అధికారము వచ్చినదని అర్థము. అయితే ఎదుటి స్టేషనువాడు లైను క్లియర్ ఇచ్చిననే ఆ టోకెను యంత్రము నుండి వెలువడునని స్టేషను మాస్టర్లకు మేము చెప్పనక్కరలేదు. ఎన్నికలో ఆ ఎదుటి స్టేషనువాడు ఓడినవాడే. అతని సమ్మతి లేక మీ బండి కదలదు.

మిత్రులారా, మేము ఆరంభమున చెప్పిన బీరువా ఎట్లు తెరువబడినదో చెప్పి ముగించెదము. ఎవరును గొప్ప ఉపన్యాసము చేయలేదు. ఎనిమిదవ సోమవారమున ఆమె మరల మెట్లపై కూర్చుండియుండగా, ఓడిన పాత కార్యదర్శి డ్యూటీ దిగి ఆ దారిన పోవుచుండెను. ఆమె ఆయనను గుర్తుపట్టి లేచి నిలబడి, "అన్నా, నా కాగితములు ఇందే ఉన్నవట గదా" అని మాత్రము అడిగెను. ఆయన ఏమియు మాటలాడక ఇంటికి పోయి తాళపుచెవి తెచ్చెను. గెలిచిన కార్యదర్శి లేచి తన కుర్చీ ఆయనకు వేసెను. ఆ రాత్రి ఇరువురును కూర్చుండి ఆ దరఖాస్తును మరల వ్రాసిరి. పాతవానికి ఆ కేసు తెలియును. క్రొత్తవానికి ఆ అధికారి తెలియును. ఆమెకు కావలసినవారు ఇద్దరును.

మన శాఖలలో ఎన్నికలు జరుగును. జరుగవలెను. పోటీ సంఘమునకు ప్రాణము. ఫలితము వెలువడిన సాయంకాలము గెలిచినవారు తాముగా నడచి ఓడినవారి యొద్దకు పోవుదురు గాక. ఓడినవారు తాళపుచెవి చేతబట్టుకొని ఎదురు వత్తురు గాక. ఇరువురికిని నడిమి దారిలో ఆ మెట్లు కలవు. ఆ మెట్లపై ఎవరు కూర్చుండియున్నారో మరువకుడు.